అ దగ్గర బొమ్మ చూసి ‘యాడి’ అన్న పాప

(సావిత్రీబాయి ఫూలే జయంతి నాడు అనంతపురంలో ఉపాధ్యాయులు జరుపుకున్న సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడి ఉన్న డీఎడ్ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, అంతసేపు నిలబడితే కాళ్లు లాగుతాయి.

ఈ రోజు సావిత్రీబాయి పుట్టినరోజు. 1831 జనవరి 3న పుట్టిందామె. ఆమె దగ్గరికి మధ్యలో వస్తాను. నన్ను మాట్లాడమన్న విషయం ‘బహుళ సంస్కృతుల విద్య, సమాన విద్యావకాశాల చరిత్ర’ అని ఆహ్వానపత్రికలో వేశారు. పేరు పెద్దది. నేను దాన్ని ఇట్లా అర్థం చేసుకున్నాను: పది రకాల ఇళ్లలో పుట్టిన పిల్లలకు బడి ఎట్లా తెరుచుకుంది, తెరుచుకున్నాక లోపల వాళ్లకు ఏం దక్కింది.

ముందు నా బడి సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను వేసిన బడి ఒక తండాను ఆనుకొని ఉండేది. మన వైపు సుగాలీలు అంటామే, లంబాడీలు, బంజారాలు అని కూడా అంటారు, వాళ్ల తండా. ఒకటో తరగతి గోడకు అక్షరాల చార్టు తగిలించి ఉండేది. అ దగ్గర బిడ్డను చంకనెత్తుకున్న తల్లి బొమ్మ. నేను బెత్తం ఆ బొమ్మ మీద పెట్టి ‘ఇది ఎవరు పాపా?’ అని ఒక పిల్లను అడిగాను. ఆ పిల్ల బడికొచ్చి మూడు రోజులో నాలుగు రోజులో అయ్యింది. అంతవరకూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నది, బొమ్మ చూడగానే ముఖం వెలిగింది. గట్టిగా ‘యాడి’ అనింది. నేను ‘కాదు, తప్పు. అమ్మ అను’ అన్నాను. మళ్లీ ‘యాడి’ అనింది, ఈసారి గొంతు తగ్గించి. వెనక ఊరి పిల్లలు నవ్వారు. నవ్వినవాళ్లను కోప్పడ్డాను. కోప్పడి, ఆ పాపతో మాత్రం ‘అమ్మ’ అని అనిపించేదాకా వదల్లేదు.

ఆ ఏడాదంతా ఆ పిల్ల బడిలో నోరు విప్పలేదు. దాహమేసినా, బయటికి పోవాలన్నా లేచి నిలబడి నా వైపు చూసేది, అంతే. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ అని నాకు తెలియక కాదు. తెలుసు. చార్టులో అ ఉంది కాబట్టి, పుస్తకంలో అమ్మ ఉంది కాబట్టి, తెలిసి కూడా తప్పన్నాను. బొమ్మ చూసి సరిగ్గా చెప్పిన బిడ్డకు తప్పు చెప్పావన్నాను. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినదాన్ని, ఇప్పటికీ ఒక్కోరాత్రి నిద్ర పట్టనీయనిది ఆ ఒక్క మాటే.

చూడండి, ఆ పాపకు బడిలో చోటు దొరికింది. హాజరుపట్టీలో పేరుంది, పలక ఇచ్చాం, పుస్తకం ఇచ్చాం. మాట మాత్రం చెల్లలేదు. బడుల చరిత్ర చదివే కొద్దీ నాకు అందులో ఈ రెండే కనపడతాయి, పిల్లకు చోటు దొరకడం, పిల్ల మాట చెల్లడం. ఒకటి ఉన్నప్పుడు రెండోది లేదు. రెండూ కలిసిన రోజులు చాలా తక్కువ.

మన నేల నుంచే మొదలుపెడతాను. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో. మన సీమకు మన్రో పేరు కొత్త కాదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా చేశాడు, 1827లో పత్తికొండలో కలరా తగిలి పోయాడు. ఆయన గవర్నరైనాక కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు: మీ జిల్లాలో బళ్లెన్ని, చదివే పిల్లలెందరు, వాళ్లు ఏ కులాల వాళ్లు, ఏమేం చదువుతారు? బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882లో గానీ బళ్లారి నుంచి విడిపడలేదు. కాబట్టి మన గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, పెనుకొండ ఆ లెక్కలో కలిసే ఉన్నాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అయితే 1953 దాకా బళ్లారివే.

ఆ అంకెలు నెమ్మదిగా చెప్తాను, కావాలంటే రాసుకోండి. జిల్లా మొత్తం మీద 533 బళ్లు. అందులో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. బ్రాహ్మణులు మాత్రమే శాస్త్రాలు చదువుకునే చోట్లు ఇంకో 23. రెండొందల ఏళ్ల కిందట, రైలు లేదు, కరెంటు లేదు, ప్రభుత్వం జీతమిచ్చే టీచరు లేడు. అట్లాంటి కరువు నేల మీద ఇన్ని భాషల్లో బళ్లు నడిచాయి. చాలామంది ఇంటి భాషలోనే దిద్దుకున్నారు. నాకు ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. మన సీమలో అన్ని భాషల వాళ్లూ పక్కపక్కనే బతికారని ఎవరో పాటలో చెప్తే వినడం వేరు, కలెక్టరు కచేరీ కాగితంలో చూడటం వేరు.

కానీ అదే కాగితంలో పక్క గడి చూడాలి. ఆనాటి జిల్లా జనాభా 9,27,857. బడికి పోయే పిల్లలు 6,641. వెయ్యిమందికి ఏడుగురు. ముస్లిం పిల్లలు 243 మంది, అందరూ మగపిల్లలే. మొత్తం జిల్లాలో ఆడపిల్లలు 60. అరవై! ఈ హాల్లో ఇప్పుడు కూర్చున్న ఆడవాళ్లే అంతకంటే ఎక్కువున్నాం.

అరుగు మీద సాగే ఆ బడి ఎట్లుండేదో కూడా క్యాంప్‌బెల్ వివరంగా రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి అని రాసేవాళ్లంట, గౌరవంగా. రెండోవాడి చేతిలో సున్నా, పొగడ్తా లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆలస్యమయ్యే కొద్దీ ఒక్కొక్కటి పెరుగుతుంది. వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం. ఈ పద్ధతి ఇంగ్లండువాళ్లు కూడా నేర్చుకుపోయేంత మంచిదని మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే ఒక లోపం కూడా పట్టాడు. పిల్లలు పద్యాలు వందలకొద్దీ అప్పజెప్తారు గానీ, ఆ పుస్తకాల భాష వేరు, వాళ్లు మాట్లాడే భాష వేరు కావడం వల్ల, చిలక పలికినట్టే గానీ అర్థం తెలియదంటాడు. పుస్తకం భాష, ఇంటి భాష వేరైతే ఏమవుతుందో 1823లోనే గుర్తించిన మాట అది.

ఇంకో మాట కూడా రాశాడు, అది చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి ఇక్కడి నేతగాళ్ల పని పోయిందనీ, దేశం రానురాను పేదబడిందనీ, కింది కులాల వాళ్లూ మధ్యతరగతి వాళ్లూ అయ్యవారికి ఇచ్చుకోలేకపోతున్నారనీ, లేత చేతులు ఏ చిన్న పనికి పనికొచ్చినా బిడ్డల్ని ఆ పనిలో పెట్టుకోక తప్పడం లేదనీ రాశాడు. ఈస్టిండియా కంపెనీ కలెక్టరే కంపెనీ కాలంలో రాసిన మాట ఇది. ధర్మవరం మగ్గాల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఈ సభలో ఉంటే, వాళ్లకు దీన్ని నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంటే ఆనాటి మన బడిలో భాషలు చాలా, పిల్లలు తక్కువ. ఇంటి భాష చెల్లింది, గడప మాత్రం వెయ్యిలో ఏడుగురికే తెరుచుకుంది.

ఆ గడప కోసం జరిగిన కొట్లాటలు చాలానే ఉన్నాయి. ఒకటి ధార్వాడలో. 1856లో అంటరానివాళ్లన్న మహర్ కులపు కుర్రవాడు ఒకడు అక్కడి ప్రభుత్వ బడిలో చేరతానని అర్జీ పెట్టుకున్నాడు. చేర్చుకోలేదు. అర్జీ బొంబాయి ప్రభుత్వం దాకా పోయింది. ఒక్కడి కోసం మిగతా పిల్లలంతా మానేస్తే బడే ఎత్తిపోతుంది కదా అని వాళ్లు వెనకాడారు. 1858లో లండన్ నుంచి కంపెనీ డైరెక్టర్ల ఉత్తరం వచ్చింది, ప్రభుత్వ బళ్లు అన్ని వర్గాలకూ తెరిచి ఉండాల్సినవే అని. ఉత్తరం వచ్చింది గానీ గడప దాటిన తర్వాత ఎక్కడ కూర్చోబెట్టారో మనకు అంబేడ్కర్ జీవితం చెప్తుంది. అది జరిగి నలభై ఏళ్లు దాటినాక కూడా, సతారాలో చదివేటప్పుడు ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకొని, విడిగా దాని మీద కూర్చోవాలి. చేత్తో కుళాయి ముట్టుకోకూడదు. చోటు ఇచ్చారు, గోనెపట్టా అంత చోటు.

ఇక సావిత్రీబాయి. 1848లో పుణేలో భర్త జోతిరావుతో కలిసి ఆడపిల్లల బడి పెట్టింది. దారిలో పేడ, బురద విసిరేవాళ్లని, అందుకే ఇంకో చీర సంచిలో పెట్టుకుని పోయేదని మీరందరూ విన్నదే. నాకు అంతకంటే గొప్పగా అనిపించే సంగతి ఒకటుంది. వాళ్ల బడిలో ముక్తాబాయి అని ఒక మాంగు కులపు అమ్మాయి చదువుకుంది. మాంగులను కూడా మహర్ల లాగే అంటరానివాళ్లన్నారు. ఆ అమ్మాయి 1855లో మాంగుల, మహర్ల కష్టాల మీద మరాఠీలో ఒక వ్యాసం రాసింది. జ్ఞానోదయ అనే పత్రికలో అది అచ్చయ్యింది. మా జనం పడిన అవమానాలు ఇవి, మాకు మతమేదో చెప్పండి అని ఒక చిన్నపిల్ల దేశాన్ని నిలదీసింది. చోటూ మాటా రెండూ దొరికిన బడి ఎట్లుంటుందో చూడాలంటే ఆ వ్యాసం చూడండి. అక్షరాలు నేర్పిన టీచరు ఆ పిల్లతో తన మాటలు పలికించలేదు, ఆ పిల్ల మాటలే రాయించింది. సావిత్రీబాయి పటానికి దండ వేసే ప్రతిసారీ నాకు ముక్తాబాయే గుర్తొస్తుంది.

ఇప్పుడు అమెరికా సంగతి. ‘బహుళ సంస్కృతుల విద్య’ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది 1960లు, 70లలో అక్కడే కాబట్టి దాన్ని దాటేసి పోలేను. నల్లజాతి పిల్లలకు వేరే బళ్లు, తెల్లవాళ్లకు వేరే బళ్లు. వేరైనా సమానమే అని కోర్టులు చెప్పుకొచ్చిన కాలం. సమానం ఏపాటిదో వర్జీనియా రాష్ట్రంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ చూస్తే తెలుస్తుంది. నల్ల పిల్లల హైస్కూలు చాలక, ఆవరణలో తారు కాగితం చుట్టిన రేకుల షెడ్ల లాంటివి వేసి అందులో కూర్చోబెట్టారు. 1951లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి పిల్లలందరినీ హాల్లో పోగుచేసి సమ్మె చేయించింది. వాళ్ల కేసు, కాన్సాస్‌లో లిండా బ్రౌన్ అనే చిన్నపిల్ల తండ్రి వేసిన కేసు, ఇంకొన్ని కలిపి 1954 మే 17న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాట మీద తీర్పు ఇచ్చారు: బళ్లలో వేరు చేయడమే అసమానత అని.

తీర్పు వచ్చింది కదా, అయిపోయిందనుకుంటాం. అదే ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో ఏం చేశారో తెలుసా? పిల్లల్ని కలిపి కూర్చోబెట్టాల్సి వస్తుందని 1959లో ప్రభుత్వ బళ్లన్నీ మూసేశారు. ఐదేళ్లు! 1964 దాకా తెరవలేదు. తెల్లవాళ్లు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్ల పిల్లల్లో చాలామందికి ఐదేళ్ల చదువు పోయింది. ఏడేళ్ల పిల్లకు పన్నెండేళ్లు వచ్చేదాకా బడి లేకపోతే ఏమవుతుందో ఇక్కడ టీచర్లకు చెప్పాలా? ధార్వాడలో ఒక్కడి కోసం బడి ఎత్తిపోతుందేమో అని భయపడ్డారు, అక్కడ నిజంగానే ఎత్తేశారు.

బళ్లు కలిసిన చోట కూడా నల్లవాళ్ల బళ్లే మూతపడ్డాయి. వేలాది నల్ల టీచర్లు, హెడ్‌మాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పిల్లలకు కొత్త బడిలో చోటు దొరికింది, తమ మనిషి అనుకునే టీచరు కనపడకుండా పోయింది. అక్కడి ఆదివాసీ పిల్లలదైతే ఇంకా కష్టమైన కథ. 1879లో కార్లైల్ అనే ఊర్లో మొదలైన హాస్టల్ బడిలో, పిల్లల జుట్టు కత్తిరించారు, ఇంట్లో పెట్టిన పేర్లు తీసేసి ఇంగ్లీషు పేర్లు పెట్టారు, సొంత భాషలో మాట్లాడనివ్వలేదు. అన్నం పెట్టారు, బట్టలిచ్చారు, చదువు చెప్పారు, పిల్లను మాత్రం వాళ్ల అమ్మకు పరాయిదాన్ని చేసి పంపారు. కెనడాలో కూడా ఇట్లాంటి బళ్లే చాలాకాలం నడిచాయి. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక కేసు గురించి మాత్రం కాస్త ఆగి చెప్తాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలు 2,856 మంది ఉంటే, అందులో దాదాపు 1,800 మందికి భాష నేర్పే ఏ సాయమూ లేదు. అందరితో పాటు కూర్చోబెట్టారు, అంతే. ‘మేం ఎవరినీ వేరుగా చూడలేదు కదా, అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు’ అని బడివాళ్ల వాదన. 1974లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒకే గది, ఒకే పుస్తకం, ఒకే పాఠం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదు, చెప్పేది అర్థం కాని పిల్లలకు చదువు దారి మూసినట్టే అని ఆ తీర్పు సారాంశం. దాని గురించి చదివిన రోజు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. ఒకే చార్టు, ఒకే అక్షరం, ఒకే బెత్తం. నేను చేసింది కూడా అదే కదా.

బ్రిటన్‌లో 1985లో అందరికీ విద్య అనే నివేదిక వచ్చింది, కెనడా 1971లోనే బహుళ సంస్కృతుల విధానం ప్రకటించింది. అవన్నీ మీరు బీఎడ్ పుస్తకాల్లో చదువుకుంటారు, వాటిని వదిలేస్తాను. ఈ ఆలోచన అంతా అక్కడి నుంచే వచ్చిందని మాత్రం అనుకోవద్దు. మన తెలుగువాడు ఒకాయన అంతకు ఎన్నో ఏళ్ల ముందే చేసి చూపించాడు.

గిడుగు రామమూర్తి పంతులు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం, వ్యావహారిక భాషా ఉద్యమం అని వ్యాసరచన పోటీలు పెడతాం. అందులో చాలామంది పిల్లలు రాయని సంగతి ఒకటుంది. పర్లాకిమిడిలో ఆయన టీచరు. చుట్టూ కొండల్లో సవరలు అనే ఆదివాసీలు. వాళ్ల భాష బయటివాళ్లకు రాదు, బయటి భాష వాళ్లకు రాదు. ఆయన ఆ భాష నేర్చుకున్నాడు. సవర భాషలో పాఠాలు తయారుచేసి, తన సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టి నడిపాడు. తర్వాత ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడు. పుస్తకాల్లో మాట్లాడే తెలుగు ఉండాలని తర్వాత ఆయన చేసిన పోరాటమూ, అంతకు ముందు సవర పిల్లల కోసం పడిన కష్టమూ నాకు ఒకటే అనిపిస్తాయి. పిల్ల ఇంట్లో మాట్లాడే మాట బడిలో కూడా చెల్లాలని ఆయన పట్టుదల. మన తెలుగు కోసం పోరాడినాయన అని దండ వేస్తున్నాం, మంచిదే. మన తెలుగు కాని భాష కోసం కూడా పోరాడాడని పిల్లలకు చెప్పమని ఇక్కడున్న టీచర్లను అడుగుతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలు వచ్చాయి. భాషా రాష్ట్రాలు ఏర్పడిన 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు అందించే ఏర్పాటు చేయాలని. మనకు ఇటు రాయదుర్గం, డి.హీరేహాళ్, మడకశిర వైపు కన్నడం బళ్లు, కడప, కర్నూలు ఉర్దూ బళ్లు ఈ రోజుకూ ఉన్నాయి. 1964-66 కొఠారీ కమిషన్ ఉన్నవాళ్ల పిల్లలూ లేనివాళ్ల పిల్లలూ ఒకే పొరుగు బడిలో చదవాలంది, ఆ మాట అట్లే ఉండిపోయింది. 1972లో మన కొడిగెనహళ్లిలో గురుకుల పాఠశాల వచ్చింది, పల్లె పిల్లలు అక్కడ చదివి ఎక్కడెక్కడికో పోయారు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసే, పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో రాజ్యాంగంలోకి ఎక్కింది, 2009లో చట్టమైంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ చట్టంలోనే, వీలైనంతవరకు పిల్లల మాతృభాషలోనే బోధన అని కూడా ఉంది. 2004 ప్రాంతంలో మన ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అని ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారుచేశారు, తెలుగు లిపిలోనే. గిడుగు వంద ఏళ్ల కిందట ఒంటరిగా చేసిన పని ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ బంజారా వాచకం నేను చేతికి తీసుకున్నప్పుడు మొదట వెతికింది యాడి అన్న మాట కోసమే.

చేతి భాష సంగతి కూడా మరువకూడదు. మన జిల్లాలో ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు చెవులు వినపడని పిల్లలకు సంజ్ఞా భాషలో బళ్లు నడుపుతున్నారు. ఒకసారి పోయి చూడండి. గది నిశ్శబ్దంగా ఉంటుంది, పిల్లల చేతులు మాత్రం ఒక్క నిమిషం ఆగవు. మూతి కదలికలు చూసి మాట్లాడు అని గద్దిస్తే ముడుచుకుపోయే పిల్లలు అక్కడ కొట్లాడుకుంటూ, నవ్వుకుంటూ ఉంటారు.

ఇంగ్లీష్ మీడియం గురించి చెప్పకుండా దిగితే మీరు ఊరుకోరు. 2019లో ప్రభుత్వ బళ్లన్నిటిలో ఇంగ్లీష్ మీడియం అని జీవో రావడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేయడం, ఆ వాదన సుప్రీంకోర్టు దాకా పోవడం మీకు తెలుసు. నేను తల్లిదండ్రులను తప్పు పట్టను. ‘మా బతుకు మాతోనే పోవాల మేడం, పాపకు ఇంగ్లీషు రావాల’ అని ఉపాధి పనికి పోయొచ్చిన తల్లి ఒకామె నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఆమెకు మాతృభాష గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చే అర్హత, పిల్లల్ని కాన్వెంటులో చదివించుకున్న మనకు లేదు. ఇంగ్లీషు ఆ పిల్లకు రావాల్సిందే, బాగా రావాల. కానీ తండా పాపకు ఒకటో తరగతిలో తెలుగే పరాయి భాష, దాని మీద ఇంగ్లీషు ఇంకో పరాయి భాష. ఒకేసారి రెండు గోడలు ఎక్కమంటున్నాం. మొదటి రెండేళ్లు ఆ పిల్ల భాషను నిచ్చెనగా వేస్తే రెండు గోడలూ ఎక్కుతుంది. నా అనుభవంలో ఎక్కిన పిల్లలు ఉన్నారు.

ఇంకొక్క సంగతి. క్యాంప్‌బెల్ రాసిన లేత చేతుల మాట పాతబడిందనుకోకండి. కర్నూలు పడమటి వైపు కోసిగి, కౌతాళం, ఆదోని ఊర్లలో వానలు మోసం చేస్తే జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయ కోతకు, పత్తి తీతకు. ఇంటికి తాళం పడుతుంది, పిల్లలు కూడా లారీ ఎక్కుతారు. అక్కడ పనిచేసిన మా స్నేహితురాలు చెప్పింది: నలభై మంది ఉండే క్లాసులో ఒక సోమవారం పదకొండు మంది ఉన్నారంట. మిగిలిన ఒక పిల్లను ‘మీ అన్న ఏడమ్మా’ అంటే ‘చెల్లిని ఎత్తుకోను పోయినాడు మేడం’ అనింది. తల్లి మిరపకాయలు కోస్తుంటే చంటిబిడ్డను చూసుకోవడం ఎనిమిదేళ్ల పిల్లవాడి పని. వలస పోయినవాళ్ల పిల్లలు ఊర్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. పెట్టినచోట పిల్లలు నిలబడుతున్నారు. కానీ హాస్టల్ తెరవాల్సింది లారీ రాకముందు. లారీ పోయిన పదిహేను రోజులకు తెరిస్తే ఆ బియ్యం ఎవరు తినాల? ఇక్కడ అధికారులు ఉన్నారు, వాళ్లతో చేతులు జోడించి చెప్తున్నాను, సుగ్గి ఎప్పుడు మొదలవుతుందో ఊర్లో ముసలమ్మను అడిగినా చెప్తుంది.

నా బడి చార్టు సంగతితో ముగిస్తాను. ఉద్యోగం చివరి పదేళ్లు నేను ఒకటో తరగతి ఎవరికీ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. అ దగ్గర తల్లి బొమ్మ కింద తెల్లకాగితం అంటించి పెట్టేదాన్ని. ఏ పిల్ల ఆ బొమ్మను ఏమని పిలిస్తే ఆ మాట తెలుగు అక్షరాల్లో రాయాలి. ఆఖరిసారి పనిచేసిన బడిలో ఆ కాగితం మీద అమ్మ, యాడి, అమ్మీ, అవ్వ అని నాలుగు మాటలుండేవి. అవ్వ దగ్గర పెద్ద రభస అయ్యింది. సరిహద్దు ఊరి కన్నడం పిల్లవాడు బొమ్మను చూసి అవ్వ అన్నాడు. మా పిల్లలు ‘అవ్వ అంటే ముసలామె కదా, ఈమెకు వెంట్రుకలు నల్లగా ఉన్నాయి’ అని పోట్లాటకు దిగారు. వాడు ఏడుపు ముఖంతో ‘మా అవ్వ ముసలిది కాదు’ అన్నాడు. అప్పుడు ఒక సుగాలీ పిల్ల లేచి, ‘వాళ్లింట్లో అమ్మను అవ్వ అంటారు రా, మా ఇంట్లో యాడి అన్నట్టు’ అని వాళ్లకు చెప్పింది. నేను ఒక్క మాట కూడా అనాల్సిన పని లేకపోయింది.

బళ్లారి పట్టిక నకలు కొన్ని తెచ్చి బయట బల్ల మీద పెట్టాను, తలా ఒకటి తీసుకోండి. ఆ ఆరు భాషల్లో సుగాలీ భాష లేదు, ఎరుకలవాళ్ల భాష లేదు. పట్టిక కింద నేను ఖాళీ గళ్లు గీసి పెట్టాను, పక్కన పెన్సిళ్లున్నాయి. మీ బడిలో పిల్లలు ఇంట్లో ఏ భాషలు మాట్లాడతారో, ఏ భాషకు ఎంతమందో రాసి పెట్టిపోండి. తెలియకపోతే రేపు బడికి పోయి అడిగి, నాకు ఫోన్ చేయండి. నమస్కారం.